మెషీనుకు విశ్రాంతి

గురువారం పొద్దున మా అమ్మాయి బుల్లి వాడే ల్యాప్‌టాప్ మొదటిసారి ఆ చప్పుడు చేసింది. నేను పక్కగదిలో ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తున్నాను. టిక్, టిక్, టిక్ అని మూడుసార్లు, ఆ తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక గరగర. కుట్టుమిషను ఆపి చెవి పెట్టాను. మళ్ళీ రాలేదు. రాకపోయేసరికి ఇంకా భయం వేసింది.

"విన్నారా?" అని మా ఆయన్ని అడిగాను.

"విన్నాను. నీ గుండె అయుంటుంది" అని ఆయన చెప్పులేసుకుని ప్రెస్సుకి వెళ్ళిపోయారు.

బుల్లికి ఇరవై ఆరేళ్ళు. కట్టబోయే భవనాలకి కంప్యూటర్లో ప్లాన్లు గీస్తుంది. ఎనిమిది నెలలు పనిలేక కూర్చున్నాక ఒక ఇంజనీరుగారు చిన్న ఆసుపత్రి తాలూకు డ్రాయింగులు అప్పజెప్పారు. మొత్తం ముప్పై ఒకటి. సోమవారం పొద్దున పదింటికి అన్నీ ఆయనకి అందాలి. అందితే తర్వాతి పని కూడా దీనికే ఇస్తానన్నారు. అందకపోతే గీసేవాళ్ళు ఆయనకి బోలెడుమంది. ఆ ముప్పై ఒకటీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అన్నీ అయ్యాక ఒకేసారి వేరేచోట దాచుకుందామని బుల్లి అనుకుంది. ఆ సంగతి నాకు చప్పుడు వచ్చాకే తెలిసింది. తెలిశాక అన్నం సహించలేదు.

చప్పుడుతోపాటు ఇంకో జబ్బు కూడా పట్టుకుంది ఆ ల్యాప్‌టాప్‌కి. బుల్లి కాసేపు లేచివెళ్ళి తిరిగొస్తే తెర నల్లగా ఉండిపోయేది. మీట నొక్కితే పలకదు. అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు చేతులు కట్టుకుని ఎదురుచూడాలి.

"నిద్రపోయిందంటే లేవదమ్మా ఇది. అచ్చం నాన్నలాగే" అంది బుల్లి. నవ్వుతూనే అంది కానీ కళ్ళ కింద నలుపు కమ్మి ఉంది.

శుక్రవారం ఇద్దరం దాన్ని తువ్వాల్లో చుట్టుకుని రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. మెట్ల కింద ఇరుకు గది. మా వీధిలో అందరూ అతన్ని డాక్టరు అనే పిలుస్తారు. నుదుటికి భూతద్దం కట్టుకుని, ఎదుటి మనిషి ముఖం చూడకుండా మాట్లాడతాడు. ల్యాప్‌టాప్ తెరిచి అరగంట కదిలించాడు. ఒక్క టిక్కు లేదు. మీట నొక్కగానే టక్కున లేచింది.

"మా దగ్గరికొస్తే అన్నీ బుద్ధిమంతులైపోతాయమ్మా" అన్నాడు. "ఎప్పుడెప్పుడు చప్పుడొస్తోందో, దానికి ముందు ఏం చేశారో, లేవడానికి ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద రాసి రేపు తీసుకురండి. ఏదీ వదలకుండా రాయండి."

"నాకెక్కడ కుదురుతుంది? ఇంకా ఆరు డ్రాయింగులు సరిచెయ్యాలి" అంది బుల్లి.

"నేను రాస్తానులే" అన్నాను.

నేను చదివింది ఏడో తరగతి. అక్షరాలు పెద్దవిగా పడతాయి కానీ తప్పుల్లేకుండా రాస్తాను. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం వరకూ, ఆ గది గుమ్మం పక్కనే పీట వేసుకుని గుండీలు కుట్టుకుంటూ రాశాను. చప్పుడు ఎన్నిసార్లు, గడియారంలో ఎంతయింది, బుల్లి ఎక్కడుంది, అన్నీ రాశాను. బుల్లి చిన్నప్పుడు దగ్గు పట్టుకుంటే పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టేదాన్ని, అలాగే విన్నాను.

శనివారం మధ్యాహ్నం, బుల్లి ఆ ఆరూ సరిచేసేశాక, మళ్ళీ షాపుకి వెళ్తే డాక్టరు నా కాగితాలు తిరగేశాడు. మొదటి కాగితం మామూలుగా చదివాడు. రెండోదానికి వచ్చేసరికి భూతద్దం పైకి తోసి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"అమ్మా, ఇక్కడ 'మూత వేశాను' అని ఉంది. ఇక్కడా ఉంది. దీని కిందా ఉంది. ఎవరు వేశారు?"

"నేనే."

బుల్లి నావైపు తిరిగింది.

"ఎందుకు వేశారు?"

"విశ్రాంతికి" అన్నాను. "పద్నాలుగేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో మోటారు మిషను మీద చేశాను బాబూ. గంటకోసారి మోటారు ఆపి చల్లారనివ్వమనేవాడు మా సూపర్‌వైజరు. చల్లారనివ్వకపోతే మాడిపోతుంది. ఇదీ మోటారే కదా. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు, ఫోను మాట్లాడటానికి మెట్ల మీదికి వెళ్ళినప్పుడు, కాస్త మూత వేసేదాన్ని. అది వచ్చేలోపు తెరిచి పెట్టేసేదాన్ని."

"చప్పుడు మొదలైన దగ్గర్నుంచా?"

"అంతకుముందు రోజుకి రెండు మూడుసార్లే. చప్పుడొచ్చాక అలిసిపోయిందేమోనని ఎక్కువ వేశాను."

ఆ మాట ఎన్నిసార్లుందో డాక్టరు లెక్కపెట్టాడు. శుక్రవారం ఒక్కరోజే పదహారు.

"డ్రాయింగులన్నీ ఉండే ఈ డిస్కు కొంచెం వేరమ్మా" అన్నాడు మెల్లగా. "లోపల ఒక పళ్ళెం తిరుగుతుంటుంది. తిరుగుతున్నంతసేపూ దానికి కష్టం లేదు. ఆగి మళ్ళీ లేవడమే కష్టం. మూత వేసిన ప్రతిసారీ ఆగిపోయింది, తెరిచిన ప్రతిసారీ మొదట్నుంచీ ఎత్తుకుంది. మీరు విన్న టిక్కు టిక్కు అదే. మీరు వెయ్యకపోయినా అయిదు నిమిషాలు ఊరికే వదిలేస్తే తనంతట తనే ఆగిపోయేలా పెట్టి ఉంది, అదొకటి. ఎటూ పాతదే, ఎప్పుడో ఒకప్పుడు పోయేదే. కానీ ఇన్నిసార్లు లేపితే..."

భూతద్దం మళ్ళీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. బుల్లి తిట్టినా బాగుండేది. పోట్లాడుకుంటే ఇద్దరికీ ఒక పని దొరికేది. అది స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులతో కళ్ళు మూసుకుంది.

"డ్రాయింగులు వస్తాయా?" అని నేనే అడిగాను.

"చూద్దాం." డాక్టరు ఏవో నొక్కి, ఇక అది తనంతట తను ఆగిపోకుండా మార్చాడు. పక్కన ఇంకో కొత్త డిస్కు తగిలించాడు. "డ్రాయింగులన్నీ ఇందులోకి ఎక్కాలి. మూడు గంటలు పట్టొచ్చు. ఎవరూ ముట్టుకోవద్దు, బల్ల కదపొద్దు. ఈ మధ్యలో ఒకసారి ఆగిందంటే మళ్ళీ తిరుగుతుందని నేను చెప్పలేను." అని అతను పక్కన ఎవరిదో ఫోను విప్పుకుని కూర్చున్నాడు.

మూడు గంటలు నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక ఆకుపచ్చ గీత పాకుతోంది. డిస్కు గుర్రుమంటోంది. వేలు ఆనిస్తే ఎంత వేడిగా ఉందో తెలుస్తుందని ఎన్నిసార్లు అనిపించిందో. ఒకసారి చెయ్యి లేచింది కూడా.

"అమ్మా."

"ఏం లేదే, కొంగు సర్దుకుంటున్నాను."

"కొంగు ఇటువైపు ఉంది."

చేతులు తొడల కింద పెట్టుకున్నాను. బయట ఎవరో మెట్లు దబదబా దిగితే బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. కరెంటు పోతుందేమో అన్నాను. బ్యాటరీ ఉందన్నాడు డాక్టరు. బ్యాటరీ కూడా పోతే అన్నాను. బుల్లి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో కోపం కన్నా అలసటే ఎక్కువ వినిపించింది.

"చెప్పి చెయ్యొచ్చు కదమ్మా. అడిగితే చెప్పేదాన్ని కదా" అంది.

"అలిసిపోయిందేమోనని చెప్తే నీకు దిగులని చెప్పలేదు. విశ్రాంతి ఇస్తున్నానని చెప్తే నవ్వుతావని చెప్పలేదు."

"నవ్వేదాన్నే" అంది.

ఆరు గంటలకు గీత ఆఖరుకి చేరింది. డాక్టరు ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. ఇరవై తొమ్మిది వచ్చాయి. రెండు తెరుచుకోలేదు. ఎన్నిసార్లు అడిగినా డిస్కు ఆ రెండింటి దగ్గర టిక్కుమని ఆగిపోతోంది. అవి రెండో అంతస్తువి, గదులది ఒకటి, స్నానాల గదులది ఒకటి.

ఆ రెండింటికీ ఇంజనీరుగారు ఎర్రకలంతో దిద్దిచ్చిన కాగితాలు ఇంట్లో ఉన్నాయి. డాక్టరు కొత్త డిస్కే ల్యాప్‌టాప్‌లో బిగించి ఇచ్చాడు. ఆదివారం పొద్దుటినుంచి బుల్లి మళ్ళీ మొదలుపెట్టింది. కాగితానికీ తెరకీ మధ్య మెడ తిప్పలేక అవస్థపడుతుంటే, నేను పక్కన కూర్చుని కొలతలు చదివిపెట్టాను. చిన్న అంకెలు కదా, కళ్ళద్దాలు ముక్కు చివరికి లాక్కుని చదివాను. గోడ తొమ్మిది అంగుళాలు. కిటికీ మూడడుగులు. అది గీస్తుంది, నేను తర్వాతిది చదువుతాను. మధ్యాహ్నానికి గదులు అయిపోయాయి. ఇద్దరికీ గొంతు ఎండిపోయింది, ఎవరమూ లేవలేదు.

స్నానాల గదుల కాగితం సగానికి వచ్చాక ఆగాను.

"చదువమ్మా."

"తలుపు రెండున్నర అడుగులు. లోపలికి తెరుచుకుంటుందని గీశారేమే?"

"అలాగే ఇచ్చారు."

"ఆసుపత్రి కదా. ఏ ముసలాయనో లోపల కళ్ళు తిరిగి తలుపుకడ్డంగా పడితే, బయటివాళ్ళు ఎలా తెరుస్తారు? నెట్టేకొద్దీ ఆయన మీదికే పోతుంది."

"అమ్మా, నాది గీయడం వరకే. నీ భయంతో ఇక్కడ కూడా ఒకణ్ణి పడేశావా?"

"చెప్పి చెయ్యమన్నావని చెప్తున్నాను."

బుల్లి కుర్చీలో వెనక్కి వాలింది. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఇంజనీరుగారికి ఫోను చేసింది. ఆదివారం పూట ఆయన విసుక్కుంటారేమోనని నా దిగులు. అవతల ఆయన ఏమన్నారో వినపడలేదు. ఇది మాత్రం "అవునండీ, సరేనండీ, రేపు పదింటికండీ" అని పెట్టేసింది.

"ఏమన్నారు?"

"బయటికి తెరుచుకునేలా మార్చమన్నారు. నాలుగు తలుపులూ."

"తిట్టారా?"

"లేదు." ఇది మెడ నొక్కుకుంది. "ఇంకో గంట పని పెరిగింది. చదువు."

నేను కళ్ళద్దాలు సర్దుకుని చదివాను. గోడ నాలుగున్నర అంగుళాలు. తలుపు రెండున్నర అడుగులు, బయటికి.