అరవై రెండు గొంతులు

"చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా?" ఊరబెట్టిన చేపల కుండ నేను తోముతుంటే మా ఆయన రోమెన్ అన్నాడు. ఆ కుండ అత్తగారిది. ఇమా కైథెల్‌లో, అంటే ఆడవాళ్లే అమ్మే 'అమ్మల సంత'లో, చేపలమ్మేది ఆవిడ, కడిగేది నేను.

మణిపురి మాట వింటే రాసిపెట్టే యంత్రం మా ఆఫీసు తయారుచేస్తోంది. సంతలో అరవై రెండుమంది ఆడవాళ్ల మాటలు రికార్డు చేసి, ఏ ధ్వని ఎక్కడ మొదలైందో, స్వరం ఎక్కిందో దిగిందో రెండేళ్లుగా నేనే గుర్తులు పెడుతున్నాను. మా భాషలో స్వరం మారితే అర్థమే మారిపోతుంది. ఒక్కో మాట నలభైసార్లు వింటాను. ఇంటికొస్తే "పిలిస్తే వినపడదా?" అంటుంది అత్తగారు.

నిన్న మా పెద్దసారు దినచంద్ర, గురువుగారని మేమంతా 'ఓజా' అంటాం, ఆ యంత్రం మీద రాసిన పరిశోధన పత్రం చూపించాడు. ఏడు పేర్లు, ఏడూ మగవాళ్లవే. నా పేరు లేదేమని అడిగాను.

"నువ్వు విని గీతలు పెట్టావంతేగా అమ్మా. మోడల్ కట్టింది వీళ్లు. ఆ సంత అరుపుల్ని దారికి తేవడానికి ఎంత చచ్చారో తెలుసా?"

ఒళ్లు మండింది. ఇంట్లో చెబితే రోమెన్ "పేరు పడకపోతే అన్నం అరగదా?" అన్నాడు. అత్తగారు మాత్రం చేతిలో పని ఆపింది.

"మమ్మల్నేమన్నాడూ?"

"అరుపులన్నాడు, ఇమా."

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. రికార్డింగుకి ముందు ఆడవాళ్లెవరూ ఆఫీసు పేరు మీద అనుమతి కాగితానికి వేలిముద్ర వేయలేదు. "ఆ ఆఫీసెవరో మాకేం తెలుసు? మా సంత కోడలికైతే మా గొంతులిస్తాం, వద్దనుకున్నరోజు తీసేసుకుంటాం" అని నా పేరు మీద రాయించారు. సంతలో కూర్చునే చోటు అత్త తర్వాత కోడలిదే కదా. ఆడవాళ్ల ముచ్చటేలెమ్మని ఓజా నవ్వి, సంతకం పెట్టేశాడు.

పొద్దున్నే, ఇచ్చిన గొంతులు వెనక్కి తీసుకుంటున్నామని రాసిన కాగితాలు పట్టుకుని సంతకెళ్లాను. మొదట అత్తగారి ముందే నిలబడ్డాను.

"నీ కోసం కాదు. ఉద్యోగం మానెయ్యమనే ఇప్పటికీ అంటాను," అంటూ ఆవిడ వేలు సిరాలో ముంచింది. పక్కావిడ వైపు తిరిగింది. "చూస్తావేంటే, వెయ్యి."

మధ్యాహ్నానికి అరవై రెండు కాగితాలూ ఓజా బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం పాలిపోయింది.

"ఈ గొంతులన్నీ తీసేస్తే పత్రంలో ఏం మిగుల్తుందమ్మా?"

"మీ ఏడు పేర్లు, ఓజా."