రెండెకరాల పిల్లి

పెద్దిరాజుకి లోకంలో గిట్టనిది ఒక్కటే, పిల్లి. మూత పెట్టిన పాలు కూడా తాగేస్తుంది, పనిమీద బయల్దేరిన మనిషికి ఎదురొస్తుంది, పైగా తనే ఆ ఇంటి ఓనరైనట్టు చూస్తుంది. అలాంటివాడి నెత్తిన సర్కారు వారు రెండెకరాల పిల్లిని పెట్టారు.

రామచంద్రపురం అవతల కాలవగట్టు కింద ఉన్న ఆ రెండెకరాలూ పల్లంరాజు గారివి. ఆయన కాపురం రాజమండ్రిలో. దున్నేది, నాట్లు ఊడ్చేది, కోసేది పెద్దిరాజు. ముప్పై ఏళ్లుగా నోటిమాట కౌలు. ఆ భూమిలో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ గట్టున ఎలక కన్నం పెడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు గానీ, సాగు తనదేనని చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు.

రెండో పంట దాళ్వా కోతలకి నాలుగు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, పెద్దిరాజు చేలో పిల్లిపెసర గింజలు చల్లుతాడు. సగం గింజలు చల్లకపోయినా కిందటేడు రాలినవే మొలుస్తాయి. అంత సిగ్గులేని మొక్క అది. ఎండలు మండిపోతుంటే నేలమీద పాకుతూ పచ్చగా పరుచుకుంటుంది, గేదెలు మేసినంత మేస్తాయి, జూన్లో కాలవకి నీళ్లొచ్చాక మిగిలిందంతా నాట్లకి ముందు బురద దమ్ములో కలిపి తొక్కించేస్తాడు. ఆ ఏడు తొలిపంట సార్వా వరి వేసిన యూరియాకి రెట్టింపు వేసినట్టు లేస్తుంది. తెలియనివాళ్లు దాన్ని కలుపు అంటారు. అలా అన్నవాళ్లతో పెద్దిరాజు రెండు రోజులు మాట్లాడడు.

ఈ వేసవిలో ఆ మాట పల్లంరాజు గారే ఫోన్లో అన్నారు.

"ఏమయ్యా, వేసవంతా కలుపు మొలిచి ఖాళీగా పడుండే భూమేగా. బుజ్జిబాబని భీమవరం వైపాయన, చేపల చెరువు తవ్వుకుంటానంటున్నాడు."

"ఖాళీగా లేదండి బాబుగారూ. పిల్లిపెసరుందండి. అది కలుపు కాదండి, పచ్చిరొట్టండి. భూమికి అన్నమండి."

"సర్లే. నువ్వు సాగు చేస్తున్నట్టు కాగితం ఏదైనా ఉందా?"

పెద్దిరాజు ముప్పై ఏళ్ల సాగు లెక్క చెప్పడం మొదలెట్టాడు. అవతల ఆయన ఎప్పుడో పెట్టేశారు. చెరువు తవ్వితే ఆ మన్ను మళ్లీ మన్ను కాదు. భార్య పాపాయి అన్నం పెడితే తినలేకపోయాడు.

"ఇలా కూర్చుంటే ఏమవుద్దండీ? వెళ్లి సర్కారు లెక్కల్లో రాయించుకు రండి. పిల్లిపెసర మాత్రం పంట కాదేంటి?" అంది పాపాయి.

మర్నాడు ఒక మొక్కని వేళ్లతో సహా పీకి వ్యవసాయం ఆఫీసుకి పట్టుకెళ్లాడు. అక్కడి అసిస్టెంటు సత్యకుమారి మంచి పిల్ల. వేళ్ల మీది బుడిపెలు చూసి, "గాల్లో నత్రజని పట్టుకొచ్చి దాచేవి ఇవేనండి బాబాయ్‌గారూ, మా పుస్తకంలో బొమ్మ ఉండేది" అని మురిసిపోయింది. కానీ ఆమె ట్యాబ్‌లోని పంటల జాబితాలో వరి ఉంది, కొబ్బరి ఉంది, డ్రాగన్ ఫ్రూట్ కూడా ఉంది గానీ పిల్లిపెసర లేదు. చివర 'ఇతరములు' అని ఒక గడి ఉంది. చాలా చిన్న గడి. అందులో 'పిల్లి' పట్టింది. 'పెసర' బయటుండిపోయింది.

"నా పేరమ్మా?"

"ఓనరుగారు ఒప్పుకుంటేనే మీ పేరెక్కుద్దండి. లేకపోతే ఆయన పేరొక్కటే తీసుకుంటది."

సాయంత్రం పల్లంరాజు గారి ఫోనుకి మెసేజ్ వెళ్లింది. 'మీ రెండు ఎకరముల పిల్లి విజయవంతంగా నమోదైనది. అరవై రోజులలో కోతకు వచ్చును.' ఆయన రాజమండ్రిలో అరిచిన అరుపు ఫోను లేకపోయినా వినపడేది. "నా పొలంలో పిల్లుల్ని పెంచుతున్నావా!"

పెద్దిరాజు పరుగెత్తుకెళ్లాడు. సత్యకుమారి తల పట్టుకుంది. "సరిచేసే ఆప్షనే లేదండి. ఒకసారి ఎక్కిన పంట కోసేదాకా దిగదు."

"అయితే పిల్లిని కొయ్యమంటావా?"

"గట్టిగా అనకండి, ఎవరైనా వింటారు."

వినాల్సినవాళ్లు వినే ఉన్నారు. మూడో రోజున పశువుల ఆసుపత్రి నుంచి సురేష్‌బాబు ఐసు డబ్బాలో రేబిస్ టీకాలు పెట్టుకుని బండి మీద దిగాడు. "ఎకరానికి ఎన్ని పడతాయండి?" అని అడిగాడు. ఇది మొక్కండీ అని పెద్దిరాజు ఎంత మొత్తుకున్నా, ఆయన 'రెండు ఎకరముల పిల్లి' అని రాసున్న తన కాగితాన్నే నమ్మాడు. ప్యాంటు పైకి మడిచి, పిల్లిపెసరలోకి దిగి, గంటసేపు మ్యావ్ మ్యావ్ అని పిలిచాడు. చివరికి రిజిస్టర్లో 'పిల్లులు కలవు. పిలిచిన పలుకలేదు' అని రాసుకుని వెళ్లాడు.

అది చూసిన ఊరు ఊరుకుంటుందా? పిల్లులకి సర్కారు పొలం వచ్చిందట అన్నారు. ఇంట్లో పిల్లి ఈనితే ఏం చెయ్యాలో తోచనివాళ్లంతా సంచుల్లో పిల్లల్ని తెచ్చి గట్టుమీద వదిలి, వెనక్కి చూడకుండా పోయారు. పక్షం తిరిగేసరికి ముప్పైదాకా చేరాయి. పగలంతా పిల్లిపెసర నీడలో పడుకోవడం, ఎలక కనిపిస్తే లేవడం, ఇదే వాటి ఉద్యోగం. పాపాయి చేప తలకాయలు వేస్తుంటే పెద్దిరాజు మొహం తిప్పుకున్నాడు. "కాగితం కోసం వెళ్లి ఇంత సంసారం తెచ్చుకున్నానే" అని ఏడవలేక నవ్వాడు.

ఇంతలో బుజ్జిబాబు రానే వచ్చాడు. పొక్లెయిన్‌కి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టి, ఉదయం తొమ్మిదీ పన్నెండు నిమిషాలకి ముహూర్తం అన్నాడు. ముహూర్తం చూడకుండా తుమ్ము కూడా తుమ్మని మనిషి. పెద్దిరాజు గట్టుకి అడ్డంగా నిలబడ్డాడు గానీ చేతిలో కాగితం లేదు. ఏమని అడ్డుకుంటాడు?

కొబ్బరికాయ కొట్టారు. పొక్లెయిన్ కదిలింది. పిల్లిపెసరలోంచి ఒక నల్ల పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, బండి ముందునుంచి అటు దాటింది.

"ఆపరా!" అన్నాడు బుజ్జిబాబు. అందరూ కాసేపు కూర్చున్నారు, మంచినీళ్లు తాగారు, లేచారు. ఈసారి గోధుమరంగుది దాటింది. మళ్లీ కూర్చున్నారు. మళ్లీ నీళ్లు. మూడోసారి తల్లీ నాలుగు పిల్లలూ వరసగా వెళ్లాయి. దాన్ని ఒక శకునంగా లెక్కెయ్యాలా ఐదుగా లెక్కెయ్యాలా అని అక్కడ పెద్ద చర్చ లేచింది. ఐదని తేలి ఐదుసార్లు నీళ్లు తాగారు. డ్రైవరు పొట్ట పట్టుకుని కొబ్బరిచెట్టు చాటుకి పరిగెత్తాడు. పది దాటింది, వర్జ్యం వచ్చేసింది.

"ఎన్నున్నాయయ్యా ఇక్కడ?" అన్నాడు బుజ్జిబాబు.

పెద్దిరాజు జీవితంలో మొదటిసారి పిల్లి వైపు మాట్లాడాడు. "రెండెకరాలండి. రికార్డులో ఉందండి."

బుజ్జిబాబు ఆ మధ్యాహ్నమే పొక్లెయిన్ని లారీ ఎక్కించుకుని పోయాడు.

జూన్లో కాలవకి నీళ్లొచ్చాయి. పిల్లిపెసర పసుపు పూత మీదుంది, కలపడానికి అదే అదను. పెద్దిరాజు ముందు ఒక్కొక్క పిల్లినీ చంకనెత్తుకుని గట్టు దాటించాడు, చేతులు గీరించుకున్నాడు, ఆ తర్వాతే ట్రాక్టరు దింపాడు. సత్యకుమారి ట్యాబ్‌తో వచ్చి, "పంట ఏం చేశారు బాబాయ్‌గారూ? కోసినట్టు రాస్తే దిగిపోద్ది" అంది. పెద్దిరాజుకి అబద్ధం రాదు. "కొయ్యలేదమ్మా, దమ్ములో కలిపేశాను" అన్నాడు. ఆమె అదే కొట్టింది.

వారం తిరక్కుండా సురేష్‌బాబు నోటీసు తెచ్చాడు. పెద్దిరాజు గట్టుమీద కూర్చుని కూడబలుక్కుని చదివాడు.

'సదరు భూమిని ముప్పై సంవత్సరములుగా సాగు చేయుచున్న కౌలు రైతు శ్రీ పెద్దిరాజు, తన పంటయగు రెండు ఎకరముల పిల్లిని ట్రాక్టరుతో దమ్ములో తొక్కించినట్లు తెలియవచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను.'

మొదటి వాక్యం సగం దాకా చదివి ఆగిపోయాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"నా పేరు ఎలా ఎక్కిందండి? ఓనరుగారు ఒప్పుకోవాలన్నారుగా?"

"తప్పు చేసినోడి పేరుకి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదండి. ఎన్నాళ్లబట్టి చేస్తున్నారని ఊళ్లో అడిగి రాశాం" అన్నాడు సురేష్‌బాబు. అప్పటికి ఆయనకీ అనుమానం వచ్చినట్టుంది, మొహమాటంగా దగ్గాడు. "పిల్లులు లేవు, అది పిల్లిపెసర అని ఒక్క ముక్క రాసివ్వండి. నోటీసు కేన్సిల్ చేసేస్తాను."

"కేన్సిలైతే ఈ కాగితం?"

"చించేస్తాం."

పెద్దిరాజు కాగితాన్ని ఆయనకి అందకుండా వెనక్కి తీసుకున్నాడు. పక్కనున్న పాపాయి హడలిపోయింది. "వద్దండీ. పిల్లిని చంపానని ఒప్పుకుంటే బంగారు పిల్లిని దానం ఇవ్వాలంటారు. ఎక్కణ్నుంచి తెస్తాం?"

"చంపితే కదే ఇచ్చేది" అన్నాడు పెద్దిరాజు మెల్లగా. "అవి నువ్వేసిన తలకాయలు తిని ఇదిగో ఇక్కడే చచ్చేంత నిద్రపోతున్నాయి." పెన్ను అడిగి తీసుకుని రాశాడు. 'అవునండి. నేనేనండి. ఈ పొలం సాగు చేసేది నేనేనండి.' పిల్లుల సంగతి రాయడానికి చోటు చాల్లేదు.

సార్వా ఊడ్పులై నెల దాటింది. ఆ రెండెకరాల వరి కాలవగట్టు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేంతగా పచ్చదనం ముదిరి నల్లగా తిరిగింది. అప్పుడు మళ్లీ ఫోన్ చేశారు పల్లంరాజు గారు. ఈసారి శకునాలు నమ్మని చెరువాయన దొరికాడట.

"ఈ పంట కోసి భూమి వదిలెయ్యి. అడ్డం చెప్పడానికి, నువ్వు సాగు చేస్తున్నట్టు కాగితం ఏదైనా ఉందా?"

పెద్దిరాజు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. సర్కారు సీలున్న నోటీసు, కింద తన సంజాయిషీ, దాని మీద అందినట్టు సురేష్‌బాబు సంతకం. గట్టుమీది నల్ల పిల్లి వచ్చి కాళ్లకి రాసుకుంటుంటే తోసెయ్యలేదు.

"ఉందండి బాబుగారూ. చదవమంటారా?" అన్నాడు, అవునని ఆయన అనేలోపే గొంతు సవరించుకుని, పిల్లితో సహా చదవడం మొదలెట్టాడు.