సముద్రం నీళ్లు

తొంభై మూడులో, సముద్రం ఊసే లేని బిలాస్‌పూర్‌లో, తార్‌బహార్ రైల్వే క్వార్టర్ పెరట్లో సముద్రపు గుర్రాల్ని పెంచుతానని కూర్చున్న మనిషి మా ఆయన ఒక్కరే. వేలెడంత చేపలవి, మొహం మాత్రం గుర్రానిది. ఎండబెట్టినవి చైనా మందులకి కొంటారని ఎవరో చెప్పారట. సిమెంటు తొట్టి కట్టి, అందులో ఖర్చు లేకుండా పాత మచ్చర్‌దానీ, అదే దోమతెర, గుడ్డతో పంజరం వేలాడదీశారు. వాల్తేరు నుంచి మా తమ్ముడు పైడిరాజు ముందు చేపల్ని, తర్వాత వారం వారం రైల్లో క్యాన్లతో సముద్రం నీళ్లని పంపేవాడు.

మే నెల ఎండకి తొట్టి రోజూ తగ్గిపోయేది. తగ్గినంతా ఈయన మళ్లీ సముద్రం నీళ్లే పోసేవారు. ఒకరోజు నేను బిందెడు కుళాయి నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని లాగేశారు.

"ఏటే, మతి పోయిందా? సముద్రంలో పుట్టినవాటికి బిలాస్‌పూర్ పంపు నీళ్లా?"

"ఆవిరైపోయేది నీళ్లండీ, ఉప్పు కాదు. అంచున తెల్లగా కడతంది, కనబడ్డం లేదేటి?"

"అచ్ఛా! వాల్తేరులో పుట్టినోడికి సముద్రం గురించి చెప్తావా!"

ఆ జాతిలో పిల్లల్ని మోసేది మగది. ఒకదానికి పొట్ట ఉబ్బితే ఈయన రోజూ చూసి మురిసిపోయేవారు. ఆదివారం పొద్దున్న అది అదే పొట్టతో, పంజరానికి తోక చుట్టుకుని చచ్చి ఉంది. మిగతావీ అంతే. ఈయన తొట్టి నీళ్లు నాలిక మీద వేసుకుని, ఉప్పు చేదుకి తుపుక్కున ఉమ్మేశారు.

మర్నాడు మళ్లీ క్యాన్లు దిగాయి. ఇంకెందుకని నేను అడిగేలోగా ఈయన మూత తీసి, చేపల్లేని తొట్టిలో పోసేశారు.

"నీళ్లు తగ్గాయి కదే," అన్నారు.