రెండు ప్రాణాల కంప్యూటరూ నేనూ

నేను ఒక పెన్‌డ్రైవును. చిటికెన వేలంత ఉంటాను. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, ఆ మాట నన్ను చూసే పుట్టిందేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. గర్వం అనుకుంటే అనుకోండి. ఇక లేవవని వదిలేసిన కంప్యూటర్లను ముప్పై ఒక్కటి లేపాను. ఆ లెక్క నేనే పెట్టుకున్నాను, ఎందుకంటే పని అయ్యాక మనుషులకు నేను గుర్తుండను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఏదో ఫ్యాక్టరీలో ఒక చిన్న చిప్పును రేకు తొడుగులో పెట్టి మూత బిగించారు, అంతే. మొదట నన్ను కొన్నది అనంతపురంలో ఒక ఆటోడ్రైవరు. నా నిండా నాలుగొందల పాటలు ఎక్కించి, రెండేళ్లపాటు అందులో మూడే వాయించాడు. తరవాత ఆయన బావమరిది నన్ను పెళ్లి ఫొటోలతో నింపి చుట్టాల ఇళ్లన్నీ తిప్పాడు. ప్రతివాళ్లూ తమ ముఖం ఉన్న ఫొటో దగ్గర ఆగి, పెళ్లికూతురు దగ్గర మాత్రం గబగబా దాటేశారు. చివరికి ఆ ఇంటి కుర్రది కాలేజీకి తీసుకుపోయి ల్యాబులో బల్ల కింద పడేసుకుంది.

అదే నా అదృష్టం. ధర్మవరంలో ఆ పాలిటెక్నిక్ ల్యాబును చూసుకునే ఖైరున్నీసా మేడం చీపురుతో ఊడుస్తుంటే దొరికాను. వారం రోజులు నోటీసు బోర్డు మీద రాసిపెట్టినా నా కోసం ఎవరూ రాలేదు. అప్పుడు ఆవిడ నాలో ఉన్నదంతా తుడిచేసి, ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తంగా నాలోకి ఎక్కించింది. ఇక ఏ కంప్యూటరైనా తనంతట తాను లేవలేకపోతే, నన్ను గుచ్చితే చాలు, నా బలంతో లేచి కూర్చుంటుంది. లేచాక దాని జబ్బేమిటో లోపలికి పోయి చూడొచ్చు. పాటలు మోసిన ఒళ్లు వైద్యానికి పనికొచ్చిందని ఆ రోజు పొంగిపోయాను.

మేడం ఏ కంప్యూటర్ దగ్గరికి పోయినా మొదట ఒకే ప్రశ్న అడుగుతుంది: చివరగా దీంతో ఏం చేశారు? ముప్పై ఒక్క చోట్లా ఒకటే జవాబు విన్నాను. ఏమీ చేయలేదట! ఏమీ చేయకుండానే ఇన్ని కంప్యూటర్లు చెడగొట్టగలిగిన జాతి మనుషులది.

ఆ ముప్పై ఒకటో కంప్యూటర్ చౌడప్పది. ఆయన పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. గళ్ల కాగితం మీద గీసినట్టే కంప్యూటర్‌లో గడి గడికీ రంగు నింపుతాడు. దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు; ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి ఆ రంధ్రాలే చెబుతాయి. ఆ ఏడు ఆయన చేతిలో ఉన్నది మామూలు చీర కాదు, కులదేవత చౌడేశ్వరమ్మకు ఆయన కులంవాళ్లంతా కలిసి నేయించే చీర. దాని అంచు చౌడప్ప తండ్రి ఎప్పుడో గీసినది. కాగితాన్ని చెదలు తింటుంటే మిగిలినంతవరకు చూసి, పోయినంతవరకు గుర్తు తెచ్చుకుని, నాలుగు నెలలు కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇంకో ప్రతి లేదు. వారంలో అట్టలు కొట్టకపోతే చీర మగ్గం ఎక్కదు, అమ్మవారికి ఆ ఏడు కొత్త చీర లేదు.

ఆ కంప్యూటర్‌లో రెండు ప్రాణాలున్నాయి. ఒకటి చౌడప్ప డిజైన్లు గీసే విండోస్. రెండోది ఆయన తమ్ముడి కూతురు ప్రవల్లిక తన చదువు కోసం ఎక్కించుకున్న లినక్స్. ఆ పిల్ల మా మేడం దగ్గరే చదువుతోంది. స్విచ్ వేయగానే, ఏది కావాలని అడిగే చిట్టి కావలివాడు ఒకడు తెర మీదికి వస్తాడు. డిస్కులో ఒక్కో ప్రాణానికి ఒక్కో గది; వాడి కాపురం లినక్స్ గదిలో.

ప్రవల్లిక పిలిస్తే మేము పోయేసరికి ఆ తెర నల్లగా ఉంది. అలాంటి భాగమేదీ లేదని ఇంగ్లీషులో ఒక ముక్క, దాని కింద మిణుకుమనే చిన్న గీత. బజారులో రిపేరు చేసే అతను చూసి, మొత్తం ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టు!

"నేనేం చేయలేదమ్మా. పొద్దున స్విచ్ ఏస్తే ఇట్లయిపాయ," అన్నాడు చౌడప్ప.

"బాగా యోచన చెయ్యన్నా. నిన్న దీని దగ్గర ఏం పని చేసినావు?" అంది మేడం.

ఆయన నిన్నటి పనంతా వరసగా చెప్పుకొచ్చాడు. అమ్మవారి చీర పని మొదలుపెట్టే ముందు ఇల్లంతా కడిగి, పనికి తగిలే ప్రతి వస్తువునూ శుద్ధి చేయడం వాళ్ల ఆచారం. మగ్గం కడిగారు, దారం చుట్టే కండెలు కడిగారు. కంప్యూటర్‌ను కడగలేరు కదా. అందుకని పైన పసుపు రాసి, లోపల కూడా శుద్ధి చేద్దామని కూర్చున్నాడట.

"లోపల పేరూ ఊరూ లేని గది ఒకటి కనిపించె. నాది కాదు, తెరిస్తే తెరుచుకోదు. మైల ఏమో అనుకొని తీసేస్తి," అన్నాడు.

అది ప్రవల్లిక లినక్స్ గది; విండోస్‌కు దాని పేరూ తెలియదు, తలుపు తీయడమూ రాదు. ఏడాదిపాటు ఆ పిల్ల చేసిన ప్రాజెక్టంతా ఆ గదిలోనే ఉంది. అయినా ఆ మాట పైకి అనలేదు.

"మేడం, ముందు మా పెదనాయన డిజైన్ చూడండి," అంది.

ఆ పిల్లను చూసి నాకు కడుపు నిండిపోయింది.

మేడం నన్ను గుచ్చింది. నేను లేచాను, కంప్యూటర్‌ను లేపాను. విండోస్ గది తలుపు తీస్తే డిజైన్ భద్రంగా ఉంది. ఆవిడ ఇంకేదీ ముట్టకుండా ముందు దాన్ని నా కడుపులోకి ప్రతి తీసింది. అప్పుడు కానీ చౌడప్ప కూర్చోలేదు.

"ఇంగ చాలమ్మా, మాది దొరికిపాయ," అన్నాడు.

"నీది దొరికింది. నువ్వు తీసేసింది ఎవరిదో కనుక్కోవా?" అంది మేడం. "నీ బిడ్డదన్నా అది."

చౌడప్ప ప్రవల్లిక వైపు తిరిగాడు. ఆ పిల్ల గోడవైపు చూస్తోంది. ఆయన లేచి తన కుర్చీ మేడం వైపు జరిపాడు.

అదృష్టం ఏమిటంటే ఆయన చెరిపింది గది చిరునామానే, గదిని కాదు. దాని మీద ఇంకేమీ రాయలేదు. డిస్కు మొదలు నుంచి చివరిదాకా అంగుళం అంగుళం వెతికాం. గంటన్నర పట్టింది. పోయిన గది సరిహద్దులు దొరికాయి, చిరునామా తిరిగి రాశాం. మేడం నన్ను బయటికి తీసి స్విచ్ వేసింది. కావలివాడు వచ్చి రెండు పేర్లూ చూపించాడు.

ప్రవల్లిక ఏడ్చేసింది. చౌడప్ప అట్ట ముక్క ఒకటి తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి తెర అంచుకు అంటించాడు: "పేరు లేని గది మా ప్రవల్లికది. ఎవరూ ముట్టరాదు." ఆ హెచ్చరిక ఆయన రాసుకున్నది తనకేనని అక్కడున్న అందరికీ తెలుసు.

నన్ను మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. డిజైన్ ప్రతి ఉన్న వస్తువు గడప దాటితే మనసు నిలవదన్నాడు. మేడం నవ్వి, ఇంకోదాన్ని తయారు చేసుకుంటానని నన్ను వదిలేసింది. ముప్పై రెండో కంప్యూటర్‌ను లేపే భాగ్యం ఆ ఇంకోదానిదైంది. కాస్త కుళ్లుకున్న మాట నిజమే.

చీర పూర్తయింది. తండ్రి గీసిన అంచు ఒక్క గడి తప్పకుండా పట్టులో దిగింది. అమ్మవారికి కట్టే రోజు చీర పక్కన పళ్లెంలో, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెనూ కండెనూ పెట్టి, వాటి సరసన నన్నూ పెట్టాడు చౌడప్ప. నా మూత మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

గుళ్లో పెద్దాయన ఒంగి చూశాడు. "ఇదేందప్పా చౌడప్పా, ఇక్కడ పెట్టినావు?"

"పనిముట్టు సామీ," అన్నాడు చౌడప్ప.

హారతి ముందు నాడె మీదుగా పోయింది, తరవాత నా మీదుగా.