నలభైమూడు వాచీలకు ఒక చెయ్యి

తెల్లవారి ఫజర్ నమాజు కాగానే మాబున్నీ చేసే మొదటి పని టీ పెట్టడం కాదు, ఇల్లు ఊడవడమూ కాదు. వాచీలకు కీ ఇవ్వడం. అల్ ఖోబర్‌లో సముద్రం వైపున్న ఆ ఇంట్లో వాచీలకంటూ విడిగా ఒక గది ఉంది, దాంట్లో ఏసీ రాత్రింబగళ్ళు ఆగదు. పనిమనిషిగా ఆమె పడుకునే గదిలో ఫ్యాను చెడిపోయి ఏడాది దాటింది, అడిగే దిక్కు లేదు. గాజు సొరుగుల్లో పట్టుగుడ్డ మీద నలభైమూడు వాచీలు కొత్త పెళ్ళికొడుకుల్లా పడుకుని ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ తీసి, పక్కనున్న చిన్న కీని బిగువు తెలిసేదాకా తిప్పాలి. మూడున్నరేళ్ళలో ఆమె బొటనవేలూ చూపుడువేలూ కాయలు కాచిపోయాయి.

వాచీలు అబూ రాకాన్‌వి. పనివాళ్ళు ఆయన్ని బాబా అంటారు, ఆయన భార్యను మామా అంటారు. బాబా తన వాచీలకు తాను కీ ఇవ్వడు. ఇచ్చినా అవి నడవవు. ఆ జాతి వాచీ నడవాలంటే, కీ ఇచ్చిన మనిషి కోసం ఎక్కడో ఒకచోట ఎవరో ఎదురుచూస్తూ ఉండాలి. బాబా కారు హారను గేటు దగ్గర వినపడితే మామా మేడమీదికి వెళ్ళి తలుపేసుకుంటుంది. పెద్ద కొడుకులిద్దరూ రియాద్‌లో ఉంటారు, పండక్కి కూడా ఫోను చెయ్యరు. ఇంక ఆయన చేతిలో వాచీ ఏం నడుస్తుంది?

నడిచే వాచీ కూడా ఎదురుచూసేవాళ్ళ ఊరి టైముకే నడుస్తుంది. మాబున్నీ కోసం రాయచోటిలో కూతురు సబీనా చూస్తోంది కాబట్టి ఆ ఇంట్లో నలభైమూడూ రాయచోటి టైమే చూపిస్తాయి, సౌదీకి రెండున్నర గంటలు ముందు. పక్కింటాయన చేతికి మనీలా టైము, ఎదురింటాయనకు కొలంబో టైము. శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్ళు కూర్చుని కబుర్లాడే మజ్లిస్‌లో అందరూ చేరి, చొక్కా చేతులు వెనక్కి లాగి, మణికట్లు చాపుకుని మురిసిపోతారు. నమాజు వేళయిందా అని చూసుకోవడానికి మాత్రం జేబులోంచి ఫోను తీస్తారు.

బాబా కారు నడిపే గురవయ్యది కడప. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి కొంచెం చనువు. ఒకరోజు ఆయన కొత్త వాచీ కొనుక్కొస్తుంటే ఉండబట్టలేక అడిగేశాడు. "టైము చూసేది లేదు గదా బాబా, ఇన్నెందుకు?"

బాబాకు కోపం రాలేదు, నవ్వాడు. "సెల్లు వేసిన వాచీ ఎవడి చేతికైనా నడుస్తుంది. ఇది నడవాలంటే ఒక మనిషి నా ఇంట్లో ఉండిపోవాలి. నా చేతికి వాచీ నడుస్తోందంటే నా దగ్గర మనిషి ఉన్నట్టు. అది చూసే కదా నలుగురూ గౌరవిస్తారు!"

ఆ మాట గురవయ్య వంటింటి గుమ్మంలో నిలబడి చెబితే మాబున్నీ గిన్నె విసిరికొట్టినంత పని చేసింది. "సొమ్మొకరిది, సోకొకరిది. నా బిడ్డ ఆడ కళ్ళు కాయలు కాసేలా చూస్తాంటే, ఈ మనిషికి ఈడ గౌరవమా!"

ఆమె వచ్చింది రెండేళ్ళకని. భర్త బెంగుళూరులో ఇంకొకామెను చేసుకుని చేతులు దులుపుకున్నాక, ఆరేళ్ళ పిల్లను అక్క మెహరున్నిసా చేతిలో పెట్టి విమానమెక్కింది. రెండేళ్ళయ్యాక, దేశం విడిచి వెళ్ళడానికి కావలసిన ఖురూజ్ కాగితం అడిగితే బాబా రంజాన్ పోనీ అన్నాడు. రంజాన్ పోయాక, అడగకుండానే అక్కడ ఉండే పర్మిటు, అకామా, పొడిగించేశాడు. పాసుపోర్టు ఆయన బీరువాలో ఉంది. ఒకసారి ఆమె మొండికేసి మూడు రోజులు వాచీలు ముట్టుకోలేదు. బాబా అరవలేదు, కొట్టలేదు, ఆమె ఫోను తీసుకెళ్ళి నెలరోజులు దాచేశాడు. అమ్మ గొంతు వినపడక అక్కడ సబీనా ఇంకా ఎక్కువగా ఎదురుచూసినట్టుంది, మాబున్నీ మళ్ళీ కీ ఇచ్చేసరికి వాచీలు మునుపెన్నడూ లేనంత జోరుగా నడిచాయి. ఆ సంగతి బాబా కనిపెట్టాడు. ఇంక ఈ మనిషి తనను బతికుండగా వదలడని ఆమెకు ఆరోజే అర్థమైంది.

"నీకంటే ముందు అల్మాజ్ అని ఇథియోపియా ఆమె ఉండె," అన్నాడు గురవయ్య. "ఐదేండ్లు ఇట్లనే తిప్పినాడు. ఆడ వాళ్ళమ్మ సచ్చిపోయిన పొద్దు వాచీలన్నీ నిలబడిపాయ. వారం తిరక్కుండా నేనే దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దింపొచ్చినా."

"థూ, ఆ పాడు మాట నా ముందర అనాకు అన్నా," అంది మాబున్నీ. అన్నదే గానీ ఆ మాట ఆమెను పట్టుకుంది. వాచీ ఆగాలంటే మనిషి పోనక్కర్లేదు. ఎదురుచూడటం మానేస్తే చాలు.

తరువాతి శుక్రవారం ఫోనులో సబీనా ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "అమ్మా, ఎప్పుడొస్తావ్?"

"నేను రాను," అంది మాబున్నీ.

"అబద్దం!"

"అబద్దం కాదు. ఈడ నాకు బాగుంది. ఇంకో పాపను సాకుతుండా. చెప్పిన మాట వింటాది, నీ మాదిరి సతాయించదు. నువ్వు నా కోసం చూడాకు."

పిల్ల నమ్మలేదు. ఆ వారమంతా వాచీలు నిక్షేపంగా నడిచాయి. రెండో శుక్రవారం మాబున్నీ ఫోనెత్తలేదు. పదిహేడుసార్లు మోగింది. మెత్తటి బొంత కింద ఫోను పెట్టి, దాని మీద కూర్చుని ఏడ్చింది. మూడో శుక్రవారం ఎత్తి, పిల్ల నోరు తెరవకముందే, "నన్నెందుకు ఊరికే పీడిస్తావే? నాకు నువ్వు వద్దు," అంది. అవతల సబీనా ఏడవలేదు. "సరేలే," అని పెట్టేసింది.

సాయంత్రపు అసర్ నమాజు వేళకు పై సొరుగులో మొదటి వాచీ ఆగింది. మర్నాటికి ఇరవై ఆగాయి. ఆదివారం సాయంత్రానికి ఒక్కటి మిగిలింది, తోలు పట్టా ఉన్న చిన్నది. మూడున్నరేళ్ళుగా ఆ వాచీలను తిట్టని రోజు లేదు. అలాంటిది ఆ ఒక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, "ఆగాకు, నువ్వన్నా ఆగాకు తల్లీ," అని బతిమాలింది. బిగువు దాటి ఇంకో చుట్టు తిప్పింది. అదీ ఆగిపోయింది.

బాబా సొరుగులన్నీ లాగి చూశాడు. ముఖం నల్లబడింది. "మీ ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు బాబా."

ఆయన చాలాసేపు ఆమె వంకే చూశాడు. మూడున్నరేళ్ళలో అంతసేపు చూడటం అదే మొదలు. "సొంత కూతురి చేత ఎదురుచూడటం మాన్పించావా? నువ్వు తల్లివేనా?"

"తల్లిని కాబట్టే నా బిడ్డ దగ్గరికి పోవాల. దానికి మీరు ఇంకో దారి ఉంచితిరా?" అంది మాబున్నీ. ఆమెకు ఆయన గొంతు నులమాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఆయన అప్పుడే ఏజెంటుకు ఫోను చేశాడు. ఈసారి ముగ్గురు నలుగురు పిల్లలున్న ఆడమనిషిని చూడమన్నాడు, చిన్నపిల్లలైతే మరీ మంచిదన్నాడు. మాబున్నీ ఖురూజ్ కాగితం ఐదు రోజుల్లో వచ్చేసింది. అంత తేలిక పని అది.

రాయచోటిలో బస్సు దిగేసరికి అక్క ఒక్కతే వచ్చి ఉంది. ఇంటి దగ్గర సబీనా బయటికి వచ్చి పెట్టె లోపల పెట్టింది, కుర్చీ వేసింది, గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. తొమ్మిదేళ్ళు నిండి, పొడుగైంది. మాబున్నీ వాటేసుకుంటే విదిలించుకోలేదు, వదిలేదాకా నిలబడింది.

"ఎన్నాళ్ళుంటావ్?" అని అడిగింది.

"ఇంక పోను బంగారూ. ఆ పొద్దు చెప్పిందంతా అబద్దం. నన్ను పంపిస్తారని అట్ల చెప్పినా."

"ఔనా," అంది సబీనా. చెప్పులేసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

"పిల్లకు కొత్త గదా. నాలుగు దినాలు పోతే అదే దగ్గరికొస్తాది," అంది మెహరున్నిసా.

నాలుగు రోజులు పోయాయి. నలభై రోజులూ పోయాయి. సబీనా బడి నుంచి రాగానే పెద్దమ్మ దగ్గరికే పోతుంది, జడ ఆమె చేతే వేయించుకుంటుంది, అన్నం ఆమె పెడితేనే తింటుంది. మాబున్నీ బజారుకు పోయి పొద్దుపోయి వచ్చినా, అమ్మ ఏదీ అని గుమ్మం వైపు చూడదు.