బంతి తెచ్చే మనిషి

కోచ్ గారు బోర్డు మీద అయస్కాంతం బిళ్ళలు అటూ ఇటూ జరుపుతూ, మాట మధ్యలో అక్క బిళ్ళను తీసి బోర్డు అంచున పెట్టారు. విసిరి పారేయలేదు, పాపం. పక్కన పెట్టారంతే. మనుషుల్ని పక్కన పెట్టేవాళ్ళెవరైనా అంతే, ఎంతో మర్యాదగా పెడతారు.

జట్టులో అందరికీ ఆమె అక్కే. ఆమె కంటే వయసులో పెద్దదైన, బట్టలూ బంతులూ చూసుకునే ఆవిడ కూడా అక్కా అనే పిలుస్తుంది. సొంత చెల్లెలు ఒక్కతే "ఏమే" అంటుంది. ఆ చెల్లెల్ని జట్టంతా చిన్నది అంటారు. మనిషి చూస్తే తలుపు కమ్మీకి తల తగిలేంత ఎత్తు. అక్క ఆమె భుజం దాకా కూడా రాదు.

బాస్కెట్‌బాల్ తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాయింట్ గార్డ్ అంటే బంతి తెచ్చే మనిషి. మన బుట్ట దగ్గర్నుంచి అవతలి బుట్ట దాకా, మీద పడేవాళ్ళను తప్పించుకుంటూ బంతిని తెచ్చి, ఎవరికి ఎప్పుడు కావాలో వాళ్ళకు అప్పుడు అందించాలి. అది అక్క పని. వింగ్ అంటే పక్క నుంచి పరుగెత్తుకొచ్చి ఆ బంతిని బుట్టలో వేసే మనిషి. అది చిన్నదాని పని, రెండోవైపు రాకెట్టు అని అందరూ పిలిచే అమ్మాయి పని. అక్కాచెల్లెళ్ళిద్దరిలో పేపర్లో ఫొటో ఎవరిది పడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"ఇకనుంచి బంతి వింగులే తెస్తారు," అన్నారు కోచ్ గారు. "ఒకవైపు చిన్నది, ఒకవైపు రాకెట్టు. ఇద్దరూ పొడుగే. మీదపడేవాళ్ళ తలల మీంచి చూడగలరు, బంతి వెయ్యనూ గలరు. అలాంటప్పుడు తెచ్చి చేతికివ్వడానికి మధ్యలో ఇంకో మనిషెందుకు చెప్పండి? ఆ చోట ఇంకో పొడుగుమ్మాయిని నిలబెడితే అవతలివాళ్ళు మన మీంచి వెయ్యలేరు."

అందులో అబద్ధం లేదు. అక్కకు మండింది కూడా అందుకే. అబద్ధమైతే పోట్లాడేది. కానీ ఏ జట్టు వచ్చినా ముందు వెతికేది తననే, తన తల మీంచే బంతి వేస్తారు. అది ఆమెకు ఏళ్ళుగా తెలుసు, తెలిసీ ఇంకెవరూ గమనించకపోతే బాగుండునని గడిపేసింది.

"ఏమ్మా, ఏమంటావు?" అన్నారు కోచ్ గారు.

"అనడానికేముంది సార్. కూర్చోమంటే కూర్చుంటాను."

"చిన్నదానికి నువ్వే నేర్పాలి మరి. నీ కంటే బాగా ఎవరు నేర్పుతారు?"

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఆయన మాత్రం నిజంగానే మెచ్చుకుంటున్నాననుకున్నారు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ బంతి పట్టింది పెద్ద హాళ్ళలో కాదు. వాళ్ళమ్మ లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇచ్చేది. రెండు మేడల మధ్య సందులో తీగలు కట్టి, వాటి మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెల్లదుప్పట్లు ఆరేసి ఉండేవి. సందు చివర గోడకు ఎవరో ఎప్పుడో బిగించి వదిలేసిన ఇనుప రింగు ఒకటుంది. పిల్లలిద్దరికీ ఆడుకోవడానికి మిగిలింది ఆ సందే. దుప్పట్ల ఇవతల అక్క, అవతల చెల్లెలు. ఒకరికొకరు కనబడరు. దుప్పటికి బంతి తగిలి మరక పడిందో, అమ్మ చేతిలో ఇద్దరి వీపులూ చిట్లేవి.

అందుకే అక్క ఒక పద్ధతి పెట్టింది. బంతిని నేలకేసి రెండుసార్లు గట్టిగా కొడుతుంది. ఆ రెండు దెబ్బలూ వినగానే చెల్లెలు కుడి మూలకు పరుగెత్తాలి. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా సరే. చెల్లెలు మూలకు చేరేసరికి దుప్పటి కింద నుంచో, రెండు దుప్పట్ల మధ్య నుంచో బంతి అక్కడికి వచ్చి ఉంటుంది.

"వెనక్కి మాత్రం చూడకు," అనేది అక్క. "చూస్తే ఒక అడుగు ఆలస్యం అవుతావు. వస్తుంది, నన్ను నమ్ము. చూశావంటే మాత్రం బంతి ఇవ్వను."

మొదట్లో చెల్లెలు చూసేది. అక్క ఇచ్చేది కాదు. ఏడ్చేది, అయినా ఇచ్చేది కాదు. చివరికి ఆ పిల్ల మెడ తిప్పడం మానేసింది. పెద్దయ్యాక పెద్ద హాళ్ళలో వేలమంది ముందు కూడా ఆ రెండు దెబ్బలకే కుడి మూలకు వెళ్ళేది, అక్క కూడా అటు చూడకుండానే విసిరేది. వ్యాఖ్యాతలు ఇదేదో అద్భుతం అన్నట్టు నోళ్ళు వెళ్ళబెట్టేవారు. నిజానికి అదంతా అమ్మ దుప్పట్ల భయం.

ఇప్పుడు ఆ చెల్లెలికే బంతి తేవడం నేర్పాలి. ఖాళీ హాల్లో, జట్టంతా వెళ్ళిపోయాక, అక్క మొదలుపెట్టింది.

"ముందు ఆ పరుగు ఆపు. బంతి తెచ్చేదానివి నువ్వు. నువ్వే ముందు పరుగెత్తితే బంతి ఎవరు తెస్తారు? రెండడుగులు వేసి వెనక్కి తిరుగు. బంతి ఎవరి చేతిలో ఉన్నా వెనక్కొచ్చి తీసుకో."

చెల్లెలు పరుగెత్తింది. తిరగలేదు.

"తిరగవే."

"చిన్నప్పట్నుంచీ వెనక్కి చూడొద్దని చంపుకుతిన్నావు కదే."

"అప్పుడు తెచ్చేదాన్ని నేను. ఇప్పుడు ఎవరున్నారు తేవడానికి? తిరుగు."

ఆ పాఠం అంత సులువుగా ఎక్కలేదు. అక్క ప్రతిరోజూ వెనకాల నిలబడి, చెల్లెలు రెండడుగులు వేయగానే "తిరుగు" అని అరిచేది. అరవగా అరవగా, అరవకముందే తిరగడం వచ్చింది. అక్క సగంసగం నేర్పే రకం కాదు. కావాలంటే పైపైన నేర్పి, చిన్నదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేసి, మళ్ళీ తన చోటు తను తీసుకోవచ్చు. ఆ ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. కానీ చెల్లెలికి తప్పు నేర్పడం ఆమెకు చేతకాలేదు.

మొదట్లో అంతా బ్రహ్మాండంగా సాగింది. వరసగా గెలిచారు. చిన్నది బంతి తెచ్చి, తానే వేసి, తానే సంబరంగా చేతులెత్తేది. పాయింట్ గార్డులకు కాలం చెల్లిందని పేపర్లో ఒకాయన రాశాడు. ఆ పేపరు ఎవరో అక్క లాకరు దగ్గర వదిలిపెట్టి వెళ్ళారు, పొరపాటునే అనుకుందాం. సాధనలో అక్కను రెండో ఐదుగురిలో పెట్టేవారు, అంటే చెల్లెలికి ఎదురు జట్టు. ఆ సీజన్లో ఇద్దరూ ఒకవైపు నిలబడి ఆడింది లేదు.

తర్వాత అవతలివాళ్ళు కళ్ళు తెరిచారు. బంతి చిన్నదాని చేతికి రాగానే, మన బుట్ట కిందే ఇద్దరేసి మీద పడడం మొదలుపెట్టారు. తేవడమే ఒక యుద్ధమైపోయింది. అక్కడ తప్పించుకొని అవతలి బుట్ట దాకా వచ్చేసరికి ఆమె చేతుల్లో సత్తువ ఉండేది కాదు. రాకెట్టుకిస్తే ఆమెదీ అదే కథ. ఓటములు మొదలయ్యాయి.

బుట్ట కింద నిలబడే భారీ మనిషిని జట్టులో దూలం అంటారు. ఆట మొదలవగానే మొదటి బంతి దూలానికి ఇవ్వడం అక్క అలవాటు. ఆమె వేసినా, వెయ్యకపోయినా ఇచ్చేది. ఒక బంతి చేతికి తగిలితే ఆ మనిషి మిగతా ఆటంతా గొడ్డులా చాకిరీ చేస్తుందని అక్కకు తెలుసు. ఇప్పుడు దూలం చెయ్యెత్తి నిలబడి నిలబడి, చెయ్యి దించేసింది. తర్వాత పరుగు కూడా తగ్గించేసింది.

"అక్కా, నేను అసలు వీళ్ళకి కనిపిస్తున్నానంటావా?" అంది ఒకరోజు బెంచీ మీద పక్కన కూలబడి.

అక్క ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలితో అంది, "మొదటి బంతి దూలానికి ఇవ్వవే."

చెల్లెలు మోకాళ్ళ మీద ఐసు మూటలు పెట్టుకొని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. "ఇద్దరిద్దరు మీద పడుతుంటే నాకు బుట్టే కనబడ్డం లేదు. దూలం ఎక్కడ కనబడుతుంది?"

"అంత మనిషి కనబడదా?"

ఇద్దరూ నవ్వారు. చెల్లెలి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నా వల్ల కావట్లేదే," అంది. "తెచ్చేసరికే అయిపోతున్నాను. వేసేటప్పుడు చేతులు నావి కానట్టుంటున్నాయి. నువ్వు పక్కనుంటే బాగుండేది."

అక్కకు సంతోషం వేసింది. మరుక్షణం సిగ్గు వేసింది, చెల్లెలి కష్టానికి సంతోషపడుతున్నానని. అయినా ఆ సంతోషం పోలేదు. మళ్ళీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ కుడి మూలకు బంతి వెయ్యాలి. అంతకు మించి ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

"సార్‌తో చెప్పు మరి."

"నువ్వు చెప్పవే."

"నేను చెబితే నా చోటు కోసం చెప్పినట్టుంటుంది."

"నేను చెబితే చేతకాక చెప్పినట్టుంటుంది."

అమ్మ పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతూ ఇదంతా వింది. "ఇద్దరికీ అమ్మోరు పట్టినట్టు ఈ రోషమొకటి," అని గొణిగి ఊరుకుంది. ఎవరూ చెప్పలేదు.

చివరి ఆట. అది ఓడితే కింది లీగుకు పోతారు. పోతే ఆడవాళ్ళ జట్టే ఉండదని క్లబ్బువాళ్ళు ముందే చెప్పేశారు. కోచ్ గారు పక్షం రోజుల గడ్డంతో, మనిషి సగమై కనిపించారు. అక్కకు ఆయన్ను చూస్తే మొదటిసారి జాలి వేసింది. ఆయన ఆలోచన తప్పని ఇప్పటికీ ఆమె అనలేదు. కాకపోతే అది కాగితం మీద పరుగెత్తినంత బాగా కాళ్ళ మీద పరుగెత్తలేదు.

ఆట చివరికొచ్చేసరికి చాలా వెనకబడ్డారు. చిన్నది బంతి పోగొట్టుకొని, నడుము మీద చేతులు పెట్టుకొని వంగిపోయింది. కోచ్ గారు బెంచీ వైపు తిరిగారు. ఏళ్ళ తరబడి "ఏమ్మా" అని పిలిచిన మనిషి, ఆ పూట అలా పిలవడానికి నోరు రాక, "అక్కా," అన్నారు.

అక్క లేచింది. కాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి, అయినా బంతి చేతికి తగలగానే అన్నీ వదులయ్యాయి. ఇద్దరు మీద పడ్డారు. ఆమె పొట్టిదనం అక్కడ పనికొచ్చింది, వాళ్ళ మోచేతుల కింద నుంచి దూరి బయటపడింది. మొదటి బంతి దూలానికి ఇచ్చింది. దూలం నమ్మలేనట్టు ఒక్క క్షణం బంతిని చూసుకొని, బుట్టలో వేసింది. ఆ తర్వాత దూలం అవతలి బుట్ట దాకా పరుగెత్తింది. అలా పరుగెత్తి ఎన్నాళ్ళైందో. రాకెట్టుకు ఒకటి, మళ్ళీ దూలానికి ఒకటి, చిన్నదానికి చేతిలో పెట్టినట్టు ఒకటి. హాలంతా లేచి నిలబడింది.

ఇంక రెండు పాయింట్లే వెనక. ఒక్క బంతికే సమయం ఉంది. మూల నుంచి వేస్తే మూడు పాయింట్లు, గెలుపు. కోచ్ గారు ఏదో అరుస్తున్నారు, ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. అక్కకు వినాల్సిన అవసరమూ లేదు. మధ్య గీత దాటింది. బంతిని నేలకేసి కొట్టింది, గట్టిగా. మళ్ళీ కొట్టింది.

కంటికొసన చెల్లెలు కదలడం కనిపించింది. కుడి మూల వైపే కదిలింది. అక్క ఎడమవైపు చూస్తూ, ఎదురున్న ఇద్దరినీ అటు లాగి, చూడకుండా కుడి మూలకు విసిరింది. చేతిలో నుంచి వెళ్ళేటప్పుడే అది ఎంత బాగా వెళ్తోందో ఆమెకు తెలిసింది. జీవితంలో అంతకంటే మంచి పాస్ వెయ్యలేదు.

చెల్లెలు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. బంతి తీసుకోవడానికి చేతులు చాచి అక్క వైపు రాసాగింది. బంతి ఆమె వీపు వెనకగా పోయి, మనిషి లేని మూలను దాటి, గీతవతల కూర్చున్న ఫొటోగ్రాఫరు మోకాలికి తగిలి ఆగింది.

హాల్లో గోల ఒక్కసారిగా ఇంకోవైపుకు మారింది. అది గెలిచిన జట్టువాళ్ళ గోల.

అందరూ డ్రెస్సింగ్ రూముకు చేరారు. కోచ్ గారు తలుపు దగ్గర నిలబడి, "నిన్ను ముందే దింపాల్సిందమ్మా," అన్నారు. ఇన్నాళ్ళూ అక్క వినాలని కాచుకున్న మాట అది. ఇప్పుడది ఏ మూలకూ సరిపోలేదు. ముందే దింపినా ఆ బంతిని తను అలాగే విసిరేది. సీజనంతా బెంచీ మీద కూర్చొని చెల్లెలు రెండడుగులకే తిరగడం కళ్ళారా చూసింది. చూసి లోలోపల గర్వపడింది కూడా, ఎంత బాగా నేర్చుకుందోనని. ఆ ఒక్కసారి తను తల తిప్పి చూసి ఉంటే సరిపోయేది.

చెల్లెలు పక్కన కూర్చొని ఉంది. చేతివేళ్ళు కొంకర్లు పోయి, బూటు లేసు పట్టుకోలేకపోతోంది.

"రెండు దెబ్బలూ విన్నానే," అంది నెమ్మదిగా. "ఆ గోలలో కూడా విన్నాను. కాళ్ళు వెళ్ళాయి. మెడే తిరిగింది."

"నేనే కదా తిప్పింది," అంది అక్క.

చెల్లెలు ఏడవడం మొదలుపెట్టింది, చిన్నప్పుడు దుప్పట్ల అవతల ఏడ్చినట్టే. ఇకమీదట తమకు ఒక జట్టంటూ ఉండదని, ఆ మూలకు బంతి వేసే అవకాశం తనకు మళ్ళీ రాదని అక్కకు తెలుసు. ఏడుపు రాలేదు. కింద కూర్చొని చెల్లెలి పాదం ఒళ్ళోకి తీసుకుంది. లేసు చెమటకు తడిసి ముడి బిగిసిపోయింది. గోళ్ళతో లాగుతూనే ఉంది కానీ అది ఎంతకీ రాలేదు.