మంగతాయారు స్టూడియో కోటు

నేను ఒక నల్ల కోటును. మండపేటలో ఒక పెళ్లికొడుకు కోసం నన్ను కుట్టారు. కుట్టేసరికి అతను లావెక్కాడు. బొత్తాం పడలేదు. టైలరు విసుక్కుని నన్ను పక్క కొట్టుకి ఇచ్చేశాడు. ఆ కొట్టు మంగతాయారుది. ఫొటో స్టూడియో.

ఆడమనిషి ఫొటోలు తీయడం అప్పట్లో వింత. వచ్చినవాళ్లు అటూ ఇటూ చూసేవారు.

"ఫొటోగ్రాఫరు గారు లేరా అండీ?"

"ఉన్నారు. గెడ్డం ఎత్తండి," అనేది మంగతాయారు, కెమెరా వెనకనుంచి.

పెళ్లిచూపులకి ఫొటో పంపాలంటే ఊళ్లో కుర్రాళ్లందరికీ నేనే కోటు. బక్కవాడికి వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేది. లావాటివాడికి వీపు కుట్టు విప్పేసేది. ఫొటో నడుం దాకానే. పైన దొర, కింద లుంగీ. అలాగే బిగుసుకుని కూర్చునేవారు. సూరిబాబనే కుర్రాడొక్కడే తన లుంగీ చూసుకుని కిసుక్కుమన్నాడు. మంగతాయారు కసిరితే బిగబట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. కోటుని, ఏం చేస్తాను.

ఒకరోజు ధాన్యం వ్యాపారి గవర్రాజు ఊగిపోతూ వచ్చాడు. బల్లమీద మూడు ఫొటోలు పడేశాడు. కూతురు సత్యవేణికి వచ్చిన సంబంధాలు. ముగ్గురి ఒంటిమీదా నేనే, నా విరిగిన బొత్తాంతో సహా.

"ఏమ్మా, ఊరందరికీ ఒకటే కోటా? ఇది మోసం కాదూ? మూడూ తిప్పి పంపేస్తున్నా. రావులపాలెం ఆసామి సొంత కోటుతో ఫొటో పంపాడు. రెండోపెళ్లైతే అయింది. పిల్లని ఆయనకే ఇచ్చేస్తా."

నాకు బొత్తాలు వణికాయి. నా మూలాన ఒక పిల్ల ముసలాడి పాలవుతోంది.

మంగతాయారు తొణకలేదు. మూడు ఫొటోలూ వరసగా పేర్చింది.

"ముగ్గురికీ కోటు ఒకటే అయితే ఇంకేం అండీ, కోటు చూసే పని తప్పింది. మొహాలు చూసుకోండి. ఆసామిగారి ఫొటోలో మీరు చూసింది కోటే."

గవర్రాజు ఫొటోల మీదికి వంగాడు.

"అమ్మాయికి చూపించారా ఇవి?"

"దానికెందుకు?"

"కాపురం చేసేది మీరా అండీ?"

ఆయన ఇంకా తేరుకోకముందే నన్ను తీసి ఆయనకే తొడిగింది. నా వీపు మొత్తం విచ్చుకుంది. "ఎలాగూ వచ్చారు. గెడ్డం ఎత్తండి," అంది. ఎత్తాడు. మీసం కూడా దువ్వాడు.

ఆ ఫొటో కోసం మళ్లీ వచ్చినప్పుడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. సత్యవేణి మూడు ఫొటోలూ చూసి సూరిబాబు మీద వేలు పెట్టింది.

"ఈయన నవ్వాపుకుంటున్నాడు అక్కా. మిగతావాళ్లకి ఆపుకోడానికి నవ్వే లేదు."

"నీ కన్ను మంచిదే," అంది మంగతాయారు. ఆ పెళ్లి ఫొటోలూ ఆవిడే తీసింది.

ఇప్పుడు కోట్లు కంప్యూటరే తొడుగుతోంది. నేను మేకుకి వేలాడుతున్నాను. ముందు కొత్త కోటుని, వెనక చిల్లుల గుడ్డని. మంగతాయారు జుట్టు నెరిసింది. గొంతు మాత్రం అదే. గెడ్డాలు ఇప్పటికీ లేస్తున్నాయి.

మొన్న సత్యవేణి, సూరిబాబు వచ్చారు. గవర్రాజు పోయాడట. గోడకి పెట్టుకోడానికి ఆనాటి ఫొటో పెద్దది చేయమన్నారు.

"నాన్నకి కోటు ఎంత బాగా నప్పిందో అక్కా," అంది సత్యవేణి.

మంగతాయారు నావైపు చూసింది. నా వీపు సంగతి బయటపెట్టలేదు.

ఇప్పుడు వాళ్లింట్లో గవర్రాజు దండ వేసుకుని గోడమీద ఉన్నాడు. నన్ను మోసం అన్న మనిషి. ఇంక నన్ను విప్పడు.